వేలెడంత పిన్ను... కొండంత ఫ్యాను!

వేసవి సాయంత్రం. టీవీలో సీరియల్ మంచి రసపట్టులో ఉంది. టప్పున కరెంటు పోయింది! 'ట్రాన్స్‌ఫార్మర్ పేలిందేమో', 'లైన్‌మన్ తీసేశాడేమో' అనుకుంటాం. ఒక్కోసారి అసలు కారణం ఎక్కడో థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉండొచ్చు. అక్కడ బాయిలరూ టర్బైనూ భేషుగ్గా ఉండి, ఓ ఫ్యాను దగ్గర వేలెడంత పిన్ను ఊడిపోయి ఉండొచ్చు!

ఊదుగొట్టం... పొగగొట్టం

బాయిలర్‌ను ఓ పెద్ద పొయ్యి అనుకోండి. పొయ్యి రాజుకోవడానికి అమ్మమ్మ ఊదుగొట్టంతో ఊదేది. పొగ పోవడానికి పైన గొట్టం ఉండేది. ఇక్కడా అంతే. గాలిని లోపలికి నెట్టేవి ఎఫ్‌డీ ఫ్యాన్లు. బొగ్గుపొడిని మోసుకొచ్చే గాలినిచ్చేవి పీఏ ఫ్యాన్లు. మండగా మిగిలిన వాయువుల్ని లాగి చిమ్నీలోకి పంపేవి ఐడీ ఫ్యాన్లు. రామగుండం, సింహాద్రిలలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్‌కు సాధారణంగా ఒక్కో రకం రెండేసి ఉంటాయి.

నెట్టేదీ లాగేదీ సరితూగాలి. లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా కాస్తంత తక్కువ ఉండాలి. ఎంతంటే... నీటిమట్టం లెక్కలో 5 నుంచి 10 మిల్లీమీటర్లు. అంతే!

తెర చెప్పే అబద్ధం

చాలా ఫ్యాన్లలో మోటారు ఒకే వేగంతో తిరుగుతుంది. ఫ్యాను ముందుండే తలుపుల్లాంటి రేకుల్ని తెరిచీ మూసీ, లేదంటే ఫ్యాను రెక్కల వాలునే మార్చీ గాలిని అదుపు చేస్తారు. కంట్రోల్ రూము నుంచి ఆదేశం రాగానే యాక్చుయేటర్ అనే పరికరం కదులుతుంది. దానికీ రేకులకీ మధ్య లివర్లు, కడ్డీలు, పిన్నులు ఉంటాయి. ఈ వరసనే లింకేజీ అంటారు.

పాత సైకిళ్ల కడ్డీ బ్రేకు గుర్తుందా? మధ్యలో పిన్ను ఊడితే చేతిలో పిడి కదులుతుంది, బ్రేకు మాత్రం పడదు. ఇక్కడా అదే చిక్కు. రేకు ఎంత తెరుచుకుందో చెప్పే సంకేతం చాలాచోట్ల యాక్చుయేటర్ దగ్గర్నుంచే వస్తుంది. పిన్ను ఊడినా తెరమీద '60 శాతం' అనే కనిపిస్తుంది. రేకు మాత్రం ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది!

గంటకు 5 లక్షల యూనిట్లు

జంటలో ఒక ఫ్యాను మొరాయిస్తే ఉత్పత్తిని సగానికి అటూఇటూగా దించాలి. ఒత్తిడి మరీ అదుపు తప్పితే రక్షణ వ్యవస్థ యూనిట్‌నే ఆపేస్తుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒక్క గంట ఆగితే 5 లక్షల యూనిట్లు పోయినట్టే. నెలకు 200 యూనిట్లు వాడే 2,500 ఇళ్లకు నెలంతా సరిపోయే కరెంటది. అంతేకాదు, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే బాయిలర్ గోడలు లోపలికి కుంగిపోయే ప్రమాదమూ ఉంది. 1970లలో అమెరికాలో అలాంటి ఘటనలు జరిగాకే దీనికోసం ప్రత్యేక భద్రతా నియమాలు రాసుకున్నారు.

ఎందుకు ఊడుతుంది?

ఐడీ ఫ్యాన్లది మరీ కష్టమైన కొలువు. వేడికి గ్రీజు ఎండిపోతుంది. రేకుల బేరింగుల్లో బూడిద చేరి బిగుసుకుంటాయి. యాక్చుయేటర్ నెడుతూనే ఉంటుంది కాబట్టి కడ్డీ వంగుతుంది. రోజంతా అటూఇటూ చిన్నచిన్న కదలికలతో పిన్ను అరుగుతుంది. ఇక పిన్ను జారకుండా పట్టి ఉంచే స్ప్లిట్ పిన్ను ఖరీదు కొద్ది రూపాయలే. అయినా ఓవర్‌హాలింగులో పాతదాన్నే మళ్లీ వంచి పెట్టేస్తే... కథ అక్కడే మొదలవుతుంది.

ఇలా చేస్తే చాలు

* తీసిన స్ప్లిట్ పిన్నును పారేసి, కొత్తది వేయాలి. నట్టుకు లాక్‌నట్టు తప్పనిసరి.

* యూనిట్ ఆగినప్పుడు, సరఫరాలన్నీ ఆపేశాక, ప్రతి జాయింటునూ చేత్తో కదిపి చూడాలి. వదులుంటే బుష్, పిన్ను మార్చాలి. రేకుల మధ్య బూడిద తీసి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టాలి.

* యాక్చుయేటర్‌నూ రేకునూ పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి రెండూ ఒకేలా కదులుతున్నాయో లేదో చూడాలి. ఇరుసు మీద పెయింటుతో గీత పెడితే బయటి నుంచే తేడా తెలుస్తుంది.

* తెరమీద అంకెను మోటారు తీసుకునే కరెంటుతో పోల్చుకోవాలి. అంకె పెరిగినా ఆంపియర్లు పెరగకపోతే అనుమానించాల్సిందే. జంట ఫ్యానుతో తేడా వచ్చినా అంతే.

* యాక్చుయేటర్ ఊరికే ఊగిసలాడుతుంటే కంట్రోల్ సెట్టింగులు సరిచేయాలి. ఆ ఊగిసలాటే పిన్నును తినేస్తుంది.

వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. కావాల్సింది షిఫ్టుకోసారి అటు నడిచి చూసే ఓపిక. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకపోవడమే అసలైన ఇంజినీరింగ్!

ఈ రాత్రి మన ఇంట్లో దీపం నిలకడగా వెలుగుతోందంటే, ఎక్కడో బూడిద మధ్య ఓ ఫిట్టర్ టార్చిలైటు వేసి ఆ పిన్ను ఉందో లేదో ఓసారి చూసుకున్నాడన్నమాట.