చలానా పడాల్సింది ఎవరి ఖాతాలో?

తెలంగాణలో ఒక ఈ-చలానా తెరిచి చూడండి. చాలావాటిలో బండి వెనక నుంచి తీసిన ఫోటో ఉంటుంది. నంబర్ ప్లేటు చక్కగా కనిపిస్తుంది. నడిపేవాడి వీపు, హెల్మెట్ లేని తల కనిపిస్తాయి. కింద తేదీ, సమయం, చోటు, జరిమానా మొత్తం, దానికి తోడు యూజర్ ఛార్జీలని ఇంకో 35 రూపాయలు. బండి గురించి కావలసినదంతా అందులో ఉంది. నడిపినవాడి గురించి ఏమీ లేదు. పేరు ఉన్నా, అది ఆర్సీలో ఉన్న యజమాని పేరు. తండ్రి పేరు మీదున్న బండిని కొడుకు, అన్న పేరు మీదున్న బండిని తమ్ముడు నడపడం మన ఇళ్లలో మామూలే. చలానా మాత్రం నంబరును వెతుక్కుంటూ వచ్చి యజమాని ఫోన్లో మెసేజ్ అయి కూర్చుంటుంది. మన రోడ్ల జబ్బుకు మూలాల్లో ఇదొకటని నా నమ్మకం. తప్పు చేసేది మనిషి, రాసుకునేది బండి ఖాతాలో. అందుకే చలానా ఇన్సూరెన్స్ ప్రీమియం దాకా వెళ్లదు, లైసెన్స్ దాకా వెళ్లడమూ అరుదే. డబ్బు కట్టిన రోజున తప్పు కూడా చెరిగిపోయినట్టే.

ముందు ఇన్సూరెన్స్ సంగతి చూద్దాం. మనం కట్టే ప్రీమియంలో ముఖ్యమైన భాగాలు రెండు. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించింది థర్డ్ పార్టీ. ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దీని రేటును ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఉన్న కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, 75 నుంచి 150 సీసీ మధ్య ఉన్న బైకుకు 714 రూపాయలు. ఇంజన్ ఎంతో చూస్తారు, స్టీరింగ్ వెనక ఉన్నదెవరో చూడరు. రెండోది మన బండికి జరిగే నష్టానికి. ఇందులో క్లెయిమ్ చేయనివారికి నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతం దాకా పెరుగుతుంది. బాగా నడిపినందుకు ఇచ్చే బహుమతి ఇదేనని చాలామంది అనుకుంటారు. కాదు, క్లెయిమ్ అడగనందుకు ఇచ్చేది. ఏడాదిలో ఇరవైసార్లు ఎర్ర సిగ్నల్ దాటినవాడు అదృష్టం బాగుండి ఎవరినీ గుద్దకపోతే అతని బోనస్‌కు ఢోకా లేదు. ఇంటి ముందు ఆపిన కారును రాత్రి ఎవడో గుద్ది పారిపోతే, రిపేరుకు క్లెయిమ్ పెట్టుకున్న పాపానికి దాని యజమాని బోనస్ పోగొట్టుకుంటాడు. ఈ లెక్కలో జాగ్రత్తకు ధర లేదు.

తప్పును మనిషి ఖాతాలో రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మనవాళ్లు ఎందరో ఉంటున్న కాలిఫోర్నియా మంచి ఉదాహరణ. అక్కడ పోలీసు ఆపి టికెట్ రాస్తే అది డ్రైవర్ లైసెన్స్ రికార్డుకు ఎక్కుతుంది. అతివేగం, సిగ్నల్ దాటడం వంటి మామూలు తప్పులకు ఒక పాయింటు, తాగి నడిపితే రెండు. మామూలు పాయింటు మూడేళ్లపాటు రికార్డులో ఉంటుంది, తాగి నడిపినది పదేళ్లు. ఏడాదిలో 4, రెండేళ్లలో 6, మూడేళ్లలో 8 పాయింట్లు చేరితే లైసెన్స్ సస్పెన్షన్ దాకా వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ చూసేదీ ఈ రికార్డునే. 1988లో అక్కడి ఓటర్లు నేరుగా ఓటేసి తెచ్చుకున్న 103వ ప్రతిపాదన చట్టం, కారు ప్రీమియం లెక్కలో డ్రైవింగ్ రికార్డుకే మొదటి స్థానం ఇవ్వాలంది. ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారన్నది రెండో స్థానం, ఎన్నేళ్ల అనుభవం ఉందన్నది మూడో స్థానం. మూడేళ్ల నుంచి లైసెన్స్ ఉండి, ఒక పాయింటుకు మించనివారికి కనీసం 20 శాతం తగ్గింపు ఇవ్వక తప్పదు. దీని ఫలితం ఏమిటంటే, టికెట్ మీద రాసిన జరిమానా అసలు ఖర్చులో ఒక వంతే. రెండో పాయింటుతో ఆ తగ్గింపు పోయినవాడికి మిగతా ఖర్చు ఏళ్ల తరబడి ప్రీమియంలో కనిపిస్తుంది. పొరపాటున ఒకసారి జారినవాడికి దారీ ఉంది: పద్దెనిమిది నెలలకొకసారి ట్రాఫిక్ స్కూల్‌కు హాజరైతే ఒక పాయింటు ఇన్సూరెన్స్ కంపెనీ కంటపడదు. పార్కింగ్ టికెట్లకు పాయింట్లే లేవు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేని తప్పును, ముప్పు తెచ్చే తప్పును ఒకే గాటన కట్టలేదన్నమాట.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. 2017 ఆగస్టులో తెలంగాణ పాయింట్ల పద్ధతి మొదలుపెట్టింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాదిపాటు లైసెన్స్ సస్పెండ్ అవుతుందని చెప్పింది. ఆలోచన సరైనదే, కానీ నిలబడలేదు. ఆ తర్వాత మనం నడిచిన దారి పూర్తిగా వేరు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద రాయితీ ప్రకటించారు. బైకులు, ఆటోలవాళ్లు నాలుగో వంతు, కార్లవాళ్లు సగం కడితే చాలన్నారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ప్రకటించారు. ఈసారి బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం మాఫీ. గడువునూ పొడిగిస్తూ పోయారు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక కూడా సగం తగ్గింపు ఇచ్చింది. పేరుకుపోయిన బకాయిలు వసూలు కావాలన్న ప్రభుత్వాల ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ చలానా పడ్డ మర్నాడే నిజాయితీగా మొత్తం కట్టినవాడు దీన్నుంచి ఏం నేర్చుకోవాలి? ఆగితే తగ్గుతుందని. రోడ్డు మీద చేసిన తప్పును పండగ డిస్కౌంట్‌లో తీర్చుకునే అప్పుగా మార్చేశాక, దానికి భయపడేవాడెవడు?

ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా ఈ ప్రశ్నను పట్టించుకుంది. అది నియమించిన వర్కింగ్ గ్రూప్ నివేదిక 2021 జనవరిలో బయటికి వచ్చింది. మామూలు ప్రీమియంకు తోడు ‘ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం’ అని ఇంకొకటి ఉండాలని, తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుడు పార్కింగ్‌కు 10 పాయింట్లు లెక్కించాలని, ముందు ఢిల్లీలో ప్రయోగించి చూడాలని సూచించింది. తప్పుల మధ్య తేడా చూపించడం మెచ్చుకోదగినది. కానీ ఆ ప్రతిపాదనలోనూ పాత జబ్బే ఉంది. భారం పడేది రిజిస్టర్డ్ యజమాని మీద. కొత్త బండి కొంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, బండి చేతులు మారినా సున్నాయే. అంటే అడ్డగోలుగా నడిపేవాడు బండి మార్చుకుంటే రికార్డు కొట్టుకుపోతుంది. కారు మారితే మనిషి మారతాడా? మన దగ్గర బండ్ల వివరాలు ‘వాహన్’లో, లైసెన్స్‌ల వివరాలు ‘సారథి’లో ఉంటాయి. చలానాను మొదటిదానికి తగిలించి ఊరుకున్నంతకాలం దాని మీద ఏ లెక్క కట్టినా అది మనిషిని చేరదు.

తప్పును మనిషి ఖాతాలో రాయాలంటే వచ్చే అభ్యంతరాలు తేలికవి కావు. కెమెరాకు నంబరు కనిపిస్తుంది గానీ డ్రైవర్ కనిపించడు కదా అంటారు. నిజమే. అందుకే కాలిఫోర్నియా 2023లో స్పీడ్ కెమెరాలను ప్రయోగాత్మకంగా అనుమతిస్తూ చేసిన చట్టంలో, యజమానికి జరిమానాయే తప్ప పాయింట్లు ఉండవని రాసుకున్నారు. ఎవరు నడిపారో తేలనప్పుడు లైసెన్స్ ముట్టుకోరాదన్నది న్యాయమైన సూత్రం. మనమూ దాన్నే పాటించాలి. ముఖం తెలియని కెమెరా చలానా జరిమానాగానే ఉండాలి. పోలీసు ఆపి లైసెన్స్ చూసి రాసినది, కోర్టులో తేలినది, యజమాని చెప్పిన వివరంతో నిర్ధారణ అయినది మాత్రమే రికార్డుకు ఎక్కాలి. ఎక్కేముందు అభ్యంతరం చెప్పుకునే వీలు, అదీ నిజంగా జవాబు వచ్చే వీలు ఉండాలి. అక్షరం తప్పుగా చదివిన కెమెరా వల్ల ఎక్కడో ఉన్నవాడి లైసెన్స్ పోతే ఈ పద్ధతి మొదటి రోజే పరువు పోగొట్టుకుంటుంది.

ఇంకో అభ్యంతరం బతుకుతెరువుది. ఆటో నడిపేవాడికి, డెలివరీ కుర్రాడికి లైసెన్స్ పోతే పొయ్యి వెలగదు. ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. జరిమానా కట్టలేకపోవడం వేరు, ప్రమాదకరంగా నడపడం వేరు. డబ్బు లేనివాడి లైసెన్స్ లాక్కోవడం పేదరికాన్ని శిక్షించడమే. జరిమానా కట్టలేదన్న కారణంతో లైసెన్స్ సస్పెండ్ చేయడాన్ని కాలిఫోర్నియా 2017లో మానేసింది. కానీ తాగి నడిపినవాడిని, రాంగ్ రూట్‌లో దూసుకొచ్చేవాడిని బతుకుతెరువు పేరుతో వదిలేస్తే, అతనికి ఎదురొచ్చే కూలీ బతుకు మాటేమిటి? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణం. హెల్మెట్ పెట్టుకోనివారే 50,029 మంది. పోయినవాళ్లలో పొయ్యి వెలిగించాల్సినవాళ్లు తక్కువేమీ కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇన్సూరెన్స్ వైపు నుంచే వస్తుంది. రోడ్డు మీద తిరిగే బండ్లలో దాదాపు సగానికి ఇప్పటికే ఇన్సూరెన్స్ లేదు. ప్రీమియం ఇంకా పెంచితే మిగిలినవాళ్లూ మానేస్తారు, నష్టపోయేది ప్రమాదంలో గాయపడ్డ పరాయివాడే. ఈ మాటలో పస ఉంది. అందుకే థర్డ్ పార్టీ మొత్తాన్ని పెంచకూడదని నేనంటాను. అది బాధితుడి రక్షణ కోసం పెట్టింది, దాన్ని శిక్షకు సాధనం చేయరాదు. పెంచినా తగ్గించినా సొంత నష్టం భాగంలో చేయాలి, అదీ తగ్గింపుతో మొదలుపెట్టాలి. మూడేళ్లుగా మచ్చలేని రికార్డు ఉన్నవాడికి నో క్లెయిమ్ బోనస్‌తో పాటు ఇంకొంత తగ్గించండి. తిరిగినంత మేరకే, నడిపిన తీరును బట్టే ప్రీమియం కట్టే పాలసీలను 2022 జులైలో ఐఆర్‌డీఏఐ అనుమతించింది. అంటే మనిషి బండి నడిపే తీరును కొలవడం కంపెనీలకు కొత్త కాదు.

లైసెన్స్ వైపు చూస్తే కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ లైసెన్స్‌పై అనర్హత వేటు వేసే అధికారం ఎప్పుడో ఇచ్చింది. 2019 సవరణ హెల్మెట్ లేకపోయినా, ట్రిపుల్ రైడింగ్ చేసినా జరిమానాతో పాటు 3 నెలల అనర్హత ఉండాలంది. అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, తాగి నడపడం వంటి తప్పుల్లో పోలీసు అధికారి లైసెన్స్ తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలని 206వ సెక్షన్‌లో చేర్చింది. అమల్లో మనకు గుర్తున్నది జరిమానా అంకె ఒక్కటే.

ఇక్కడే చాలా కుటుంబాలకు తెలియని ముడి ఒకటుంది. చలానా ప్రీమియాన్ని పెంచకపోవచ్చు గానీ లైసెన్స్ మీద పడ్డ వేటు ఇన్సూరెన్స్‌ను నిలువునా కూల్చగలదు. లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉన్నవాడు, లేదా తాగినవాడు నడిపిన బండికి దెబ్బ తగిలితే సొంత నష్టం క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరిస్తుంది. ఎదుటివారికి ప్రాణనష్టం జరిగితే, ముందు బాధితులకు చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు కంపెనీలకు చెప్పిన తీర్పులు ఎన్నో. అది లక్షల్లో ఉండే మొత్తం, ఇల్లో పొలమో అమ్మించగలదు. అయితే 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేదని చూపిస్తే చాలదని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే నిరూపించాలని చెప్పింది. యజమానికి ఉన్న కాపుదల అదొక్కటే. కాబట్టి ఈసారి రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడు చలానాలు ఎన్ని ఉన్నాయో చూసుకుని ఆగిపోకండి. మీ బండి తాళం తీసుకునే ప్రతి ఒక్కరి లైసెన్స్, అది కొడుకుదైనా డ్రైవరుదైనా, పరివాహన్ సైట్‌లో ఇవాళ చెల్లుబాటులో ఉందో లేదో చూడండి.