విద్యార్థి యాదాయము – తలిదండ్రుల పన్ను



మన ధర్మశాస్త్రములు ధనమును స్వార్జితమనియు, పిత్రార్జితమనియు వేఱుపఱచినవి. అమెరికా ఆదాయపు పన్ను శాసనమునను దీనిని బోలిన భేదమొకటి కలదు. చేసిన పనికి వచ్చు జీతము ఒక తెగ. పనితో నిమిత్తము లేక వచ్చు వడ్డీ, లాభాంశము, వాటాల నమ్మగా వచ్చు లాభము మఱియొక తెగ. కళాశాల విద్యార్థికి ఈ రెండవ తెగ యాదాయము ఒక మితిని దాటినచో, ఆ పై మొత్తముపై పన్ను తలిదండ్రుల రేటున విధింపబడును. అచ్చట స్థిరపడి, బిడ్డల చదువుకై వారి పేర సొమ్ము దాచు తెలుగువారు ఈ సంగతి నెఱుగుట మేలు.

ఈ నియమమేల పుట్టెను? ఆ దేశమున ఆదాయము పెరిగిన కొలది పన్ను రేటును పెరుగును. ధనికులు తమ వాటాలను బిడ్డల పేర వ్రాసి, సొమ్ము ఇంటనే యుండగా పన్ను తగ్గించుకొనుచుండిరి. దీనిని మాన్పుటకు 1986లో శాసనము చేసిరి. నాడది 14 ఏండ్లు నిండని వారికే. 2006లో 18 ఏండ్లు నిండని వారికిని, 2008 నుండి సంవత్సరాంతమునకు 24 ఏండ్లు నిండని పూర్తికాలపు విద్యార్థులకును వర్తించినది.

ఒక ఉదాహరణము చూడుడు. 20 ఏండ్ల విద్యార్థికి జీతము లేదు. 2025లో వడ్డీ 6,700 డాలరులు వచ్చినదనుకొందము. మొదటి 1,350 డాలరులకు పన్ను లేదు. తరువాతి 1,350 డాలరులకు అతని రేటు 10 శాతము చొప్పున 135. మిగిలిన 4,000 డాలరులకు తలిదండ్రుల రేటు 24 శాతమైనచో 960. వెరసి 1,095 డాలరులు. అంతయు తన రేటుననే యైనచో 535 మాత్రమే.

దీనికి మినహాయింపును శాసనమే చూపినది. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థి తన పోషణవ్యయములో సగమునకు మించి పనిచేసి ఆర్జించినచో, తలిదండ్రుల రేటు అతని నంటదు.

అయితే ఇందొక చిక్కు కలదు. విద్యార్థివేతనములో బోధన రుసుమునకు, పుస్తకములకు పోయిన భాగమునకు పన్ను లేదు. భోజన వసతులకైన భాగము పన్నునకు లోబడి, రెండవ తెగలోనే చేరును. 2017 నాటి శాసనము 2018 నుండి తలిదండ్రుల రేటును తీసి ట్రస్టుల రేటును పెట్టెను. ఆ రేటు 2018లో 12,500 డాలరులు దాటగానే 37 శాతము! బీద విద్యార్థులును, మరణించిన సైనికుల బిడ్డలును దీనిచే బాధపడిరి. 2019 డిసెంబరులో ఆ మార్పును రద్దుచేసి, మరల తలిదండ్రుల రేటునే నిలిపిరి. అదియే న్యాయము, ఏలయన బీద తండ్రి రేటు స్వల్పముగనే యుండును.

మన దేశమున బిడ్డ యాదాయమును తలిదండ్రుల యాదాయమున గలుపుట 18 ఏండ్లతో ముగియును. అమెరికాలో వయస్సొక్కటే చాలదు; విద్యార్థి యెవరి యన్నము తినుచున్నాడని కూడ అడుగుదురు. కావున బిడ్డ పేరనున్న వాటాల నమ్మదలచినవారు, ఆ యేట అతని వయస్సును, చదువును, ఆర్జనను మూడింటిని విచారించి యమ్ముట యుచితము.