బొగ్గులేని సీమలో బొగ్గు వివాదము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము: ఈ మూడు ఊళ్ల నడుమ నేలను ఎంత లోతు త్రవ్వినను బొగ్గు దొరకదు. క్రింద దొరకునది రాయి. పైన లభించునవి ఎండ, గాలి. అయినను ఇచటి బోరుబావి మోటారుకును, మగ్గముపై వ్రేలాడు దీపమునకును నేటికిని బొగ్గే పెద్ద ఆధారము.

ఆ బొగ్గును మానుటయా, తగ్గించుటయా అను వాదము 2021లో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచదేశముల సభలో ముదిరెను. ‘తొలగించుట’ అను మాటకు మారుగా ‘తగ్గించుట’ అను మాటకై పట్టుపట్టినది భారతదేశమే. శతాబ్దములు బొగ్గు కాల్చి భాగ్యవంతములైన దేశములు బీదదేశములకు ఉపవాసము విధించుట న్యాయమా అని మనవారి ప్రశ్న. ప్రశ్న సమంజసమే. కాని దానినే ఇంటిలోపల కూడ వేసికొనవలదా? బొగ్గును తగ్గించు భారము మనలో ఎవరిపై పడుచున్నది?

ధర్మవరమునకు చేరువనున్న రామగిరి కొండలపై 1990 దశకమునుండియే గాలిమరలు తిరుగుచున్నవి. నంబులపూలకుంటలో 2016లో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌరకేంద్రమును నడపసాగెను. ఒక మెగావాటు సౌరశక్తికి నాలుగైదు ఎకరముల నేల కావలెను. పట్టా గలవాడు పరిహారమడుగగలడు. ఆ చేలలో వేరుశనగ కలుపు తీసిన కూలికిని, ఆ బీళ్లలో గొఱ్ఱెలు మేపిన కాపరికిని చూపుటకు ఏ కాగితమున్నది?

ఇక ధర మాట. గాలి, సౌర విద్యుత్తుల కొనుగోలు ధరలు అధికమని 2019లో రాష్ట్రప్రభుత్వము పాత ఒప్పందములను తిరుగదోడ సంకల్పించెను. ఉత్పత్తిదారులు హైకోర్టునకెక్కిరి. ఒప్పుకొన్న ధరలే చెల్లింపవలెనని 2022 మార్చిలో తీర్పు వచ్చెను. ధర హెచ్చైనచో బిల్లు కట్టువాడు క్రుంగును. మాట తప్పినచో పెట్టుబడి పెట్టువాడు జంకును. రెండును నిజములే.

2025లో దేశపు విద్యుత్ స్థాపిత సామర్థ్యమున సగము బొగ్గు, చమురు, వాయువులతో పనిలేనిదయ్యెను. ఇది గొప్ప విజయమే. కాని 2024–25లో ఉత్పత్తియైన విద్యుత్తున నూటికి డెబ్బది పాళ్లకు పైగా బొగ్గుదే. కారణము దురూహ్యము కాదు. ధర్మవరపు నేతగాడు దీపము వెలిగించు వేళకు సూర్యుడు పని చాలించును. పగటి శక్తిని బ్యాటరీలలో నిలువచేయుటయో, ఆ శక్తితో నీటిని కొండపైకెక్కించి రాత్రి క్రిందికి వదలుటయో జరుగనంతవరకు సాయంకాలము బొగ్గుదే.

పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో కియా కర్మాగారమునుండి 2019లో కార్లు బయలుదేరినవి. పెట్రోలు, డీసెలు బండ్లు వచ్చిన ద్వారముననే 2025లో విద్యుత్ బండియు వచ్చెను. మార్పు అనివార్యమనుటకిది నిదర్శనము. అయితే ఇంజనుపని నేర్చిన యువకునకు క్రొత్తవిద్య నేర్పువారెవరో కూడ విధానము చెప్పవలెను.

బొగ్గును తగ్గింపవలసినదే. లోకము వేడెక్కినచో ముందుగా ఎండునది ఇట్టి కరవుసీమ చెరువే గదా! కాని పార్లమెంటులో ఈ చర్చ సాగునపుడు మెగావాట్ల లెక్కతోపాటు మఱి మూడు లెక్కలు చెప్పవలెను: నేల విడిచినవానికేమి దక్కెను? బిల్లు కట్టువానిపై ఎంత పడెను? ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దీపమెట్లు వెలుగును? ఈ మూటికి బదులు చెప్పని పక్షము, బొగ్గును నిందించినను, వెనుకవేసికొనినను, ఈ సీమకు ఒరుగునది లేదు.