ముఖమునకు రాచుకొను సీరము: కొనుటకు ముందు తెలియవలసినవి

ఇటీవల మన గ్రామములలోని అంగళ్ళయందు ఒక క్రొత్త వస్తువు కనబడుచున్నది. చిన్న గాజుసీసా, మూతకు రబ్బరు బుడ్డి, దానికి అతికిన సన్నని గొట్టము. చుక్కలు చుక్కలుగా తీసి ముఖమునకు రాచుకొను ఈ ద్రవమునకు సీరము అని పేరు. ఒకప్పుడు పెద్ద పట్టణముల దుకాణములకే పరిమితమైన ఈ వస్తువు నేడు సెల్‌ఫోనులో కోరినంతనే రాచర్లకును, గిద్దలూరునకును, మార్కాపురమునకును వచ్చి చేరుచున్నది. పెండ్లి కుదిరిన కన్యలు, కళాశాలలకు పోవు యువతీయువకులు దీనిని విరివిగా కొనుచున్నారు.

కొనుట తప్పు కాదు. అయితే కొనుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందులో ఎవరికైనను హాని చేయు పదార్థము కలదా? ఇది మొదటి ప్రశ్న. ఎల్లరకు మంచిదే యైనను నా శరీరమునకు పడని పదార్థము కలదా? ఇది రెండవది. ఈ రెండును వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము సీసాపై అంటించిన చీటీలో వెదకవలెను. రెండవదానికి సమాధానము మన చేతిమీదనే దొరకును.

సీరము అనగా నేమి?

సీరములో అధికభాగము నీరే. తేమను పట్టియుంచుటకు గ్లిసరిన్, హయలురోనిక్ ఆమ్లము మున్నగునవి కలుపుదురు. మచ్చలు తగ్గించుటకు నియాసినమైడ్, సి విటమిను. మొటిమలకు సాలిసిలిక్ ఆమ్లము. ముడుతలకు రెటినాల్ వాడుదురు. ద్రవము చెడిపోకుండుటకు ఫినాక్సీఇథనాల్ వంటి నిలవ మందులును, ఇంపు కొరకు పరిమళ ద్రవ్యములును చేరును.

సబ్బు రుద్దుకొని క్షణములో కడిగివేయుదుము. సీరము రాత్రియంతయు ముఖముననే నిలిచియుండును. కావున సబ్బులో నున్నప్పుడు బాధింపని పదార్థము సీరములో నున్నప్పుడు బాధింపవచ్చును. ఈ భేదమును మరువరాదు.

ఎల్లరకు హాని చేయునవి

ఇందు మొదట చెప్పవలసినది పాదరసము. చర్మమునకు నలుపు నిచ్చు వర్ణకమును శరీరము తయారుచేయకుండ ఇది అడ్డగించును. అందుచేత కొలది దినములలో ముఖము తెల్లబడినట్లు తోచును. కాని ఆ పాదరసము చర్మము గుండ రక్తములో ప్రవేశించి మూత్రపిండములను చెరచును. గర్భిణి వాడినచో గర్భస్థ శిశువునకును ముప్పు.

ఇది ఊహ కాదు. కేరళ రాష్ట్రమున మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు మూత్రములో మాంసకృత్తులు పోవు వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించిరి. వారిలో 15 మందికి అరుదైన ఒకే విధపు వ్యాధి కనబడెను. ఆ 15 మందిలో 13 మంది ముఖము తెల్లబరచు క్రీములను వాడినట్లు చెప్పిరి. వాడుక మానిన పిమ్మట పెక్కుమందికి వ్యాధి నెమ్మదించెను. వారు వాడినవి సీరములు కావు, క్రీములు. అయినను తెలిసికొనవలసిన పాఠ మొకటే: త్వరితముగ తెల్లదన మిత్తునను వస్తువును మొదట శంకింపవలెను.

మన దేశపు 2020 సౌందర్య సాధనముల నిబంధనలను బట్టి, కంటి చుట్టును వాడు కొన్ని వస్తువులకు తప్ప, మిగిలినవానియందు పాదరసమును కలుపరాదు. తెలియక చేరినను అది పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదు. మినమాటా ఒడంబడికలో చేరిన దేశములు పాదరసము గల సౌందర్య సాధనములను 2025 నాటికి పూర్తిగా తొలగింపవలెనని 2023లో నిశ్చయించినవి. మన దేశము 2018లో ఆ ఒడంబడికను ధ్రువీకరించినది. అయినను దొంగచాటు సరుకు వచ్చుచునే యుండును. చీటీపై కాలొమెల్, మెర్క్యురిక్ అయొడైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ అను పేర్లు కనబడినచో దానిని ముట్టరాదు. బంగారు, వెండి నగలకు తగులనీయవద్దని వ్రాసియున్నను అనుమానింపవలెను. పాదరసము బంగారమును పట్టుకొనునని కంసాలివా రెరుగుదురు గదా!

రెండవది స్టిరాయిడు మందు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అను పేర్లు గలవి వైద్యుని చీటీతో కొలది దినములు వాడవలసిన ఔషధములు. 2018లో ప్రభుత్వము వీనివంటి పైపూత మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని ఉత్తరువు చేసినది. ఇవి నెలల తరబడి ముఖమునకు రాచినచో చర్మము పలుచనై, నరములు తేలి, మానినంతనే మంటలెత్తును.

కొందరకు మాత్రమే పడనివి

ఒకరికి వంకాయ పడదు. ప్రక్కవానికి అదియే ప్రియము. చర్మము సంగతియు నట్టిదే. పడని పదార్థమును శరీరము తొలుత గుర్తుపెట్టుకొనును. దీనికి పది పదునైదు దినములు పట్టవచ్చును. ఆ మీదట అది తగిలినప్పుడెల్ల రెండు మూడు దినములలో దురద, ఎర్రదనము, పొక్కులు, కనురెప్పల వాపు కలుగును. కావుననే, నిన్న రాచితిని, నేడేమియు కాలేదు అను మాట చాలదు.

ఇట్టి పదార్థములలో పరిమళ ద్రవ్యములు ముఖ్యమైనవి. ఐరోపా సమాఖ్య 2003లో 26 పరిమళ పదార్థములను చీటీపై పేరుపేరున తెలుపవలెనని శాసించినది. 2023లో ఆ పట్టికను 80కి పైగా పెంచినది. లినలూల్, లిమోనిన్, జెరనియాల్ మొదలైనవి ఇందులోనివే. నిలవ మందులలో మిథైల్ ఐసోథయజోలినోన్ అనునది పెక్కుమందిని బాధించుటచే, కడుగక వదలివేయు వస్తువులలో దీనిని 2017లో ఐరోపాలో నిషేధించిరి.

"మాది మూలికలతో చేసినది, రసాయనములు లేవు" అను ప్రకటన చూచి మోసపోరాదు. నల్లజీడి ప్రకృతి యిచ్చినదే. రజకులు బట్టలపై గుర్తులు పెట్టుటకు వాడిన ఆ రసము ఒంటిపై పడిన పొక్కులు లేచును. నిమ్మరసము రాచుకొని ఎండలో తిరిగినచో చర్మము కాలి నల్లమచ్చలు పడును.

మన రైతులకు ప్రత్యేకముగ చెప్పవలసిన దొకటి కలదు. చేలగట్లపై పెరుగు వయ్యారిభామ మొక్కను పీకునప్పుడు కొందరకు ముఖము, మెడ, చేతులు దురదతో వాచును. ఆ మొక్క చామంతి కుటుంబములోనిది. వయ్యారిభామ పడనివారికి చామంతి, సీమచామంతి, ఆర్నికా సారములు గల సీరములును పడకపోవచ్చును. అట్టివారు చీటీపై ఈ పేర్లను తప్పక వెదకవలెను.

చీటీలో చూడవలసినవి

తయారుచేసినవారి పేరు, చిరునామా, అనుమతి సంఖ్య, బ్యాచి సంఖ్య, ఏ తేదీలోపల వాడవలెనను సంగతి యుండవలెను. విదేశీ వస్తువైనచో దిగుమతి నమోదు సంఖ్య యుండవలెను. చేర్చిన పదార్థముల పట్టిక యుండవలెను. ఆ పట్టికలో నూటికి ఒక పాలు మించినవానిని ఎక్కువ నుండి తక్కువకు వరుసగా వ్రాయుదురు. తక్కినవానిని ఆపై ఏ వరుసనైనను వ్రాయవచ్చును. పట్టిక లేని సీసాను, విడిగా నింపి యిచ్చు సీసాను కొనరాదు. ఈ పేర్లు ఇంగ్లీషులో నుండును గనుక చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనవలెను. గర్భిణీ స్త్రీలు రెటినాల్ గలవానిని వాడరాదని వైద్యుల సలహా.

మోచేతి పరీక్ష

క్రొత్త సీరమును మొదటనే ముఖమునకు రాయరాదు. మోచేతి లోపలి మడతయొద్ద రూపాయి బిళ్ళంత చోట ఉదయము, సాయంత్రము రాయవలెను. ఏడు మొదలు పది దినముల వరకు అదే చోట అట్లు చేయవలెను. ఈ కాలములో మరి యే క్రొత్త వస్తువును వాడరాదు. రాచినంతనే కలుగు కొద్దిపాటి చురుకు ఆమ్లముల గుణము కావచ్చును. అది కొలది నిమిషములలో పోవును. దురద, దద్దురు, వాపు కనబడి నిలిచినచో అది మీకు పడదని గ్రహించి మానివేయవలెను. దినములు గడచినను ఏమియు కానిచో ముఖమునకు కొద్దిగా మొదలిడవచ్చును.

ఏ పదార్థము పడుటలేదో నిశ్చయముగ తెలియవలెనన్న చర్మవైద్యులు వీపుపై అతుకులు వేసి పరీక్షింతురు. జర్మను వైద్యుడు యాదసోన్ 1895లో వెల్లడించిన పద్ధతి యిది. అతుకులను రెండు దినములకు తీసి, మరల రెండు దినముల తరువాత చూతురు.

కీడు కలిగినచో

వెంటనే వాడుక మాని, మంచినీటితో కడిగి, సీసాను అట్టపెట్టెతో సహా తీసికొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడనిచో 108కి ఫోను చేయవలెను. తెల్లదనపు క్రీములు వాడినవారికి పాదములు వాచుట, మూత్రము నురుగు గట్టుట కనబడినచో మూత్రపరీక్ష చేయించుకొనవలెను. వాడిన క్రీము సంగతి వైద్యునికి దాపరికము లేక చెప్పవలెను. అనుమానపు సరుకును గూర్చి ఔషధ తనిఖీ అధికారికి గాని, వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు గాని తెలిపినచో, ఆ సీసా మరియొక ఇంటికి చేరకుండ ఆపినవా రగుదురు.

చామనచాయ రోగము కాదు; దానికి మందు అక్కరలేదు. చర్మమునకు కావలసిన తేమను, శుభ్రతను కోరుట మంచిదే. ఆ కోరిక తీర్చుకొనుటలో మూత్రపిండములను పణముగ పెట్టకుండుటయే వివేకము. సీసా మూత తీయుటకు ముందు చీటీని చదువుడు. ముఖమునకు ముందు మోచేతిని అడుగుడు.