తెర వచ్చింది సరే, తీరు మారిందా?

స్మార్ట్ బోర్డుకూ బ్లెండెడ్ లెర్నింగ్‌కూ ఉన్న తేడా తెలుసుకుంటేనే ఫీజుకు తగిన చదువు అడగగలం

అడ్మిషన్ల కాలం వస్తే హెబ్బగోడి చుట్టుపక్కల ఎక్కడ చూసినా స్కూళ్ల ఫ్లెక్సీలే. కొన్నేళ్ల కిందట వాటి మీద ‘స్మార్ట్ క్లాస్’ అని ఉండేది. తర్వాత ‘డిజిటల్ బోర్డు’ వచ్చింది. ఇప్పుడు ‘బ్లెండెడ్ లెర్నింగ్’ అనే మాట చేరింది. బొమ్మసంద్రలో షిఫ్టు దిగి వచ్చే తండ్రికీ, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే తల్లికీ ఈ మూడూ ఒకటేననిపించడం సహజం. అన్నిటిలోనూ ఒక తెర ఉంటుంది. ఫీజు కాగితంలో దానికో పద్దు ఉంటుంది.

నిజానికి మొదటి రెండూ వస్తువులు. మూడోది బోధించే పద్ధతి. వస్తువును కొని గోడకు బిగిస్తే ఆ పూటతో పని అయిపోతుంది. పద్ధతి మారాలంటే టీచర్ టైంటేబుల్, పిల్లలు కూర్చునే తీరు, హోంవర్క్ దిద్దే విధానం అన్నీ కదలాలి. ఈ తేడా తెలియకపోతే మనం వస్తువుకు డబ్బు కట్టి పద్ధతి దొరికిందనుకుంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, వీధిలో కన్నడ వింటూ పెరిగే మన పిల్లలకు ఆ పొరపాటు ఇంకా ఖరీదైనది.

ఒకే పాఠం, రెండు గదులు

ఐదో తరగతి లెక్కల క్లాసును ఊహించుకుందాం. పాఠం భిన్నాలు. గదిలో 36 మంది పిల్లలు.

మొదటి గదిలో టీచర్ స్మార్ట్ బోర్డు మీద వీడియో పెట్టారు. తెర మీద రొట్టె నాలుగు ముక్కలైంది. రంగులు బాగున్నాయి, సంగీతం బాగుంది. వీడియో అయ్యాక టీచర్ నాలుగు లెక్కలు చేయించి, మిగతావి ఇంటికి ఇచ్చారు. ముందు బెంచీ పిల్లకు ఆ పాఠం ఎప్పుడో వచ్చు, ఊరికే కూర్చుంది. చివరి బెంచీ పిల్లాడికి భాగహారమే సరిగ్గా రాదు, వాడూ ఊరికే కూర్చున్నాడు. సుద్దముక్కతో చెప్పినా ఇదే జరిగేది. ఇది సాంకేతికతను వాడుకోవడం. ఇందులో తప్పేమీ లేదు. బొమ్మ స్పష్టంగా కనిపించింది, టీచర్‌కు గీసే శ్రమ తప్పింది. పిల్లలు నేర్చుకునే తీరు మాత్రం నిన్నటిలాగే ఉంది.

రెండో గదిలో ఉన్నవి ఆరు ట్యాబ్‌లే. రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు తీసుకున్నారు. పిల్లలు పన్నెండు మంది చొప్పున మూడు జట్లయ్యారు. ఒక జట్టు ఇద్దరికొక ట్యాబ్ పట్టుకుని తమ స్థాయికి తగిన ప్రశ్నలు చేస్తోంది. రెండో జట్టు కాగితాలు మడిచి, కత్తిరించి ముక్కలు పోల్చి చూస్తోంది. మూడో జట్టు టీచర్ చుట్టూ కూర్చుంది. 25 నిమిషాలకోసారి జట్లు మారతాయి. సాయంత్రం టీచర్ ట్యాబ్‌లలోని జవాబులు చూస్తే, ఐదుగురు పిల్లలు 1/4 కంటే 1/8 పెద్దదనుకుంటున్నారని తెలిసింది. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా అని వాళ్ల లెక్క. మర్నాడు ఆ ఐదుగురూ మొదట ఆమె దగ్గరే కూర్చున్నారు.

బ్లెండెడ్ లెర్నింగ్ అంటే ఇదీ. ఈరోజు పిల్లలు చేసిన పనిని బట్టి రేపటి పాఠం మారింది.

నాలుగు విషయాల్లో కాస్త స్వేచ్ఛ

ఈ పద్ధతికి ఎక్కువగా వాడుకలో ఉన్న నిర్వచనం అమెరికాలోని క్లేటన్ క్రిస్టెన్సెన్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చింది. మైకేల్ హార్న్, హెదర్ స్టేకర్ 2014లో ‘బ్లెండెడ్’ అనే పుస్తకంలో దాన్ని వివరించారు. అందులో మూడు షరతులున్నాయి. చదువులో కొంత భాగం ఆన్‌లైన్‌లో జరగాలి. కొంత భాగం పెద్దల పర్యవేక్షణలో బడిలో జరగాలి. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. మొదటి షరతులోనే ఇంకో మెలిక ఉంది. ఆన్‌లైన్ భాగంలో సమయం, చోటు, దారి, వేగం అనే నాలుగింటిలో దేనిమీదైనా పిల్లలకు కొంత పట్టు ఉండాలి.

అందరికీ ఒకే వీడియో ఒకేసారి చూపిస్తే ఆ నాలుగింటిలో ఒక్కటీ పిల్లల చేతికి రాలేదన్నమాట. అదే వీడియోను అర్థంకాని చోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూసే వీలుంటే వేగం చేతికొచ్చినట్టు. అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు 2007లో ఇలాంటిదే మొదలుపెట్టారు. పాఠాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర చూడమన్నారు. తరగతిలో లెక్కలు, ప్రయోగాలు, సందేహాలకు సమయం మిగిల్చుకున్నారు. ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ అనే పేరుకు ప్రచారం వచ్చింది వాళ్ల వల్లనే.

కంప్యూటర్ పంచితే ఏమైంది?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు పంచింది. దాని ఫలితాన్ని 300కు పైగా పాఠశాలల్లో పరిశీలించారు. వంద మంది పిల్లలకు 12 ఉన్న కంప్యూటర్లు 118 అయ్యాయి. లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరిగిన దాఖలా కనిపించలేదు. యంత్రం వచ్చింది. బోధన, పిల్లల స్థాయి ఎక్కడివక్కడే ఉన్నాయి.

మన దేశంలోనే ఇంకో అనుభవం ఉంది. ఢిల్లీలో 2015లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు 619 మంది పిల్లలతో అధ్యయనం చేశారు. బడి వేళల తర్వాత మైండ్‌స్పార్క్ కేంద్రాల్లో 90 నిమిషాలు. అందులో సగం సమయం కంప్యూటర్ మీద, సగం చిన్న జట్టులో మనిషి దగ్గర. కంప్యూటర్ పిల్లల తరగతిని కాకుండా వాళ్ల స్థాయిని చూసి ప్రశ్నలిచ్చేది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతుల వెనుక ఉన్నారని తేలింది. నాలుగున్నర నెలల్లో, లాటరీలో ఈ అవకాశం రాని పిల్లల కంటే వీళ్లు లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకెళ్లారు.

రెండు చోట్లా ఉన్నది కంప్యూటరే. రెండోచోట పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి మొదలుపెట్టారు, పక్కన ఒక మనిషీ ఉన్నారు.

మన ఇరుగుపొరుగున పుట్టిన పద్ధతి

పిల్లల వేగానికి తగ్గట్టు బోధన నడపడం తెర లేని రోజుల్లోనే మన నేల మీద జరిగింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ గ్రామీణ బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒకే గదిలో రకరకాల స్థాయిల పిల్లలు తమ తమ మెట్టు మీద ఉన్న కార్డు తీసుకుని పనిచేసేవారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు ఆ బడులను చూసి వచ్చి, యునిసెఫ్ తోడ్పాటుతో కన్నడలో ‘నలి-కలి’ ప్రారంభించారు. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 3 తరగతులకు విస్తరించింది. ఆ తరగతిలో కొందరు పూర్తిగా టీచర్ సాయంతో, కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు సొంతంగా నేర్చుకుంటారు.

తెలుగు పల్లెలో పుట్టి కన్నడ బడిలో స్థిరపడ్డ ఈ పద్ధతిలో సమయం, దారి, వేగం పిల్లల చేతిలోనే ఉన్నాయి. ఆన్‌లైన్ భాగం ఒక్కటే లేదు. అందుకే నలి-కలి తరగతిని నడిపిన టీచర్‌కు బ్లెండెడ్ లెర్నింగ్ కొత్తగా అనిపించదు. సగం పని వాళ్లకు ముందే వచ్చు.

కొవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు, 2020 ఆగస్టులో కర్ణాటక ‘విద్యాగమ’ తెచ్చింది. ఫోనే లేని పిల్లలు, మామూలు ఫోన్ ఉన్నవాళ్లు, ఇంటర్నెట్‌తో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు అని మూడు జట్లుగా చేసి, ఉపాధ్యాయులే పిల్లలున్న చోటికి వెళ్లారు. కేసుల భయంతో అక్టోబరులో దాన్ని నిలిపివేయాల్సి వచ్చినా, అది ఒక మంచి ప్రశ్నతో మొదలైంది: ‘ఈ పిల్ల చేతిలో ఏముంది?’ 2020 జాతీయ విద్యా విధానం కూడా డిజిటల్ బోధనను ప్రోత్సహిస్తూనే, ముఖాముఖి బోధన ప్రాముఖ్యాన్ని గుర్తించి, ఒక్కో సబ్జెక్టుకు తగిన మిశ్రమ పద్ధతులు వెతకాలంది.

మన బడుల్లో ఇది ఎందుకు ముఖ్యం?

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పనికోసం వచ్చి హెబ్బగోడిలో చేరిన కుటుంబం పిల్లను తలచుకుందాం. ఆమెకు పన్నెండు లడ్డూలు నలుగురికి పంచడం వచ్చు. పరీక్ష కాగితంలో ‘ఈక్వల్లీ షేర్డ్’ అని ఉంటే ఆగిపోతుంది. టీచర్ రిజిస్టరులో ఆ పిల్ల లెక్కల్లో వెనుకబడినట్టు నమోదవుతుంది. వెనుకబడింది భాషలో. స్మార్ట్ బోర్డు మీద ఇంగ్లిషు వీడియో ఎన్నిసార్లు వేసినా ఈ సంగతి బయటపడదు. అదే లెక్క ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిషులో ఇచ్చి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇందుకు కావలసిన సామగ్రి చాలావరకు ఉచితంగానే ఉంది. 2017 సెప్టెంబరు 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘దీక్ష’ వేదికలో తెలుగు, కన్నడ సహా పలు భాషల్లో పాఠాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. తర్వాత తెలంగాణ కూడా అదే బాట పట్టింది. సిలబస్ వేరైనా భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ ఎక్కడైనా ఒకటే. ఇంగ్లిషులో పాఠం వినే ముందు పిల్ల తెలుగు పేజీ చదువుకుని వస్తే తరగతిలో ఆమె చేయి పైకి లేస్తుంది.

కన్నడకూ ఇదే వర్తిస్తుంది. 2015 నాటి చట్టం ప్రకారం కర్ణాటక బడుల్లో కన్నడను మొదటి లేదా రెండో భాషగా చదవాలి. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లలాంటివి. తెలుగు చదవగలిగిన పిల్లకు కన్నడ అక్షరాలు త్వరగా పట్టుబడతాయి, ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లకు మాత్రం మాటలే కొత్త. ఇద్దరికీ ఒకే వేగంతో చెప్పడంలో అర్థం లేదు. ఆడియో పాఠం వినిపించి, చదివించి, రికార్డు చేయించి, టీచర్ విని సరిదిద్దితే ఇద్దరూ ముందుకెళ్తారు.

ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే?

చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ తండ్రి జేబులో ఉంటుంది. ఆయనకు నైట్ షిఫ్టు ఉంటే ఫోన్ ఇంటికి చేరేది పొద్దున్నే. అలాంటి ఇంటికి ‘రాత్రి వీడియో చూసి రండి’ అని మెసేజ్ పెడితే మర్నాడు తరగతిలో పిల్ల తలదించుకుంటుంది. చోటు విషయంలో స్వేచ్ఛ అంటే ఇల్లే కానక్కర్లేదు. బడి మొదలయ్యే ముందు అరగంట కంప్యూటర్ గది తెరిచి ఉంచినా చాలు. ఈ ఏర్పాటు చేయకుండా వీడియో హోంవర్క్ ఇవ్వకూడదు.

ఉపాధ్యాయుల మాట కూడా వినాలి. మూడు జట్లకు మూడు పనులు సిద్ధం చేయడం, సాయంత్రం జవాబులు చూడటం మొదట్లో అదనపు భారమే. వారానికి ఒక సబ్జెక్టులో ఒక పాఠంతో మొదలుపెట్టి, దానికి తగ్గ ఖాళీ పీరియడ్ ఇచ్చే యాజమాన్యం ఉంటేనే ఇది నిలబడుతుంది. తెర వస్తే టీచర్ అవసరం తగ్గుతుందనే భయం ఇక్కడ అక్కర్లేదు. ఆ ఐదుగురు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిదో వంతు ఎందుకు చిన్నదో మడిచిన కాగితంతో చూపించేది ఆమే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుదాం

1. నా బిడ్డ తెర మీద చేసిన పనిని ఎవరు చూస్తున్నారు? ఎప్పుడు?

2. అది చూశాక బడిలో ఏం మారింది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

3. పాఠం త్వరగా అర్థమైన పిల్ల, అర్థంకాని పిల్ల ఒకే సమయంలో వేర్వేరు పనులు చేస్తున్నారా?

4. అర్థంకాని చోట తెలుగులో చూసుకునే వీలుందా?

5. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకు బడి ఏం ఏర్పాటు చేసింది?

మొదటి రెండు ప్రశ్నలకు సూటిగా జవాబొస్తే ఆ బడిలో పద్ధతి ఉన్నట్టే, ట్యాబ్‌లు ఆరే ఉన్నా సరే. జవాబుగా స్మార్ట్ బోర్డు సైజు చెబితే, మనం కడుతున్నది దేనికో అక్కడే తెలిసిపోతుంది.