వార్తల్లో పదం: స్కీ-జంప్

2024 ఫిబ్రవరిలో విశాఖలో జరిగిన మిలన్ నౌకా విన్యాసాల్లో మన విమాన వాహక నౌకలు విక్రాంత్, విక్రమాదిత్య రెండూ పాల్గొన్నాయి. రెండింటికీ ముందు భాగం పైకి వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే స్కీ-జంప్.

గన్నవరం విమానాశ్రయంలో రన్‌వే మూడు కిలోమీటర్లకు పైనే. విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు. అంత కురచ దారిలో ఫైటర్‌కు గాలిలో నిలిచేంత వేగం రాదు. అందుకని చక్రాలకు అడ్డుపెట్టి ఆపి, ఇంజన్లు పూర్తి శక్తి అందుకున్నాక వదులుతారు. వంపు విమానాన్ని పైకి విసురుతుంది. మళ్లీ కిందికి జారేలోపు దొరికే కొద్ది సెకన్లలోనే అది మిగతా వేగం పుంజుకోవాలి.

మన నౌకల మీది ఫైటర్ మిగ్-29కె ఈ పద్ధతికి అలవాటైందే. ఫ్రెంచి రఫేల్-ఎమ్ అలా కాదు. దాని సొంత నౌక షార్ల్ ద గాల్ మీద ఆవిరి క్యాటపుల్ట్ దాన్ని లాగి వదులుతుంది. మరి వంపు ఎక్కేటప్పుడు చక్రాల కాళ్ల మీద పడే ఒత్తిడి మాటేమిటి? మన నౌకలకు కొనే ముందు, 2022 జనవరిలో గోవాలోని నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ హంసలో, నేల మీద కట్టిన వంపు నుంచి రఫేల్-ఎమ్‌ను ఎగరేసి చూశారు. అదే ఏడాది అమెరికా సూపర్ హార్నెట్‌కూ పరీక్ష పెట్టారు. చివరికి ఎంపికైంది రఫేలే.

స్కీ-జంప్‌తో క్యాటపుల్ట్ ఖర్చు తప్పినా, ఇంధనమో ఆయుధాలో కొంత తగ్గించుకోక తప్పదు. అమ్మేవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పరు.

2025 ఏప్రిల్ 28న 26 రఫేల్ విమానాలకు ఒప్పందం కుదిరింది. నౌక మీద నుంచి ఎగిరేవి ఒంటి సీటువి 22 మాత్రమే.