గంగి జారవిడిచిన కుండ, సువార్తమ్మ ఎత్తిన బిందె

సాహిత్యానికి సామాజిక ప్రయోజనం ఉండాలా అన్న ప్రశ్నకు ఆధునిక హిందీ సాహిత్యం ఏనాడో సమాధానం చెప్పుకుంది. మహావీర్ ప్రసాద్ ద్వివేది సంపాదకత్వంలోని 'సరస్వతి' పత్రిక 1914లో హీరా డోమ్ భోజ్‌పురి కవిత 'అఛూత్ కీ శికాయత్'ను అచ్చు వేసింది. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, సౌందర్యాన్ని కొలిచే కొలమానమే మారాలన్నారు. అయితే ఆ ప్రయోజనం ఎవరికి, దాన్ని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్నలు మాత్రం దళితుల వైపు నుంచే బలంగా రావలసి వచ్చింది.

ప్రేమ్‌చంద్ 1932లో రాసిన 'ఠాకూర్ కా కువా' కథనే తీసుకుందాం. జబ్బుపడిన భర్త జోఖూకు మంచినీళ్ళ కోసం గంగి రాత్రివేళ ఠాకూరు బావి దగ్గరికి వెళుతుంది. తలుపు తెరుచుకున్న చప్పుడు వినగానే చేతిలోని తాడు జారిపోతుంది, కుండ బావిలో పడుతుంది. ప్రాణభయంతో ఇంటికి పరుగెత్తి వచ్చేసరికి జోఖూ ఆ కంపునీళ్ళే తాగుతుంటాడు. కులవ్యవస్థ క్రౌర్యాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన కథలు అరుదు.

అయినా ఒక సంగతి గమనించాలి. ఈ కథకు ఐదేళ్ళ ముందే, 1927 మార్చి 20న, అంబేడ్కర్ నాయకత్వంలో వేలాది మంది మహద్‌లోని చవదార్ చెరువు నీటిని పట్టపగలు తాగారు. జీవితంలో దళితులు పగటివేళ నీళ్ళకు కదిలిన కాలంలో, కథలో గంగి చీకటి కోసం ఎదురుచూస్తోంది. ఆ కథ ప్రధానంగా బావి సొంతదారుల మనస్సాక్షిని తట్టడానికి రాసినది. అదీ ప్రయోజనమే, కాదనను. కానీ గంగే ఆ కథకు పాఠకురాలైతే?

వడమాలపేట ప్రాంతం నుంచి వచ్చిన నేను హిందీ బోధిస్తున్నాను. ఇక్కడి పల్లెల్లో ఊరికి ఒక పేరు, వాడకు మరో పేరు. ఈ కథ చెప్పిన రోజు దళితవాడ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని అడిగింది: "కథ ఆడికే అయిపాయ. గంగి తెల్లారినాక గూడా నీళ్ళకు పోవాల గదా సార్?" ఏ విమర్శ గ్రంథంలోనూ ఇంతకన్నా పదునైన ప్రశ్న నాకు ఎదురుకాలేదు.

ఆ 'తెల్లారిన తర్వాత' ఏం జరిగిందో మన నేల మీదే నమోదై ఉంది. 1985 జులైలో కారంచేడులో దళితుల మంచినీటి చెరువును మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అడ్డుచెప్పాడు. అతణ్ణి కొట్టబోతుంటే మున్నంగి సువార్తమ్మ నీళ్ళకు తెచ్చిన బిందెనే ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఆ తిరగబాటుకు ప్రతీకారంగా దళితవాడపై దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు. తెలుగు దళిత కవిత్వం ఆ గాయం నుంచే కొత్త గొంతు తెచ్చుకుని, 1995 నాటికి 'చిక్కనవుతున్న పాట' సంకలనంగా నిలబడింది. అది ఎవరి జాలినీ అర్థించలేదు, లెక్క అడిగింది.

హిందీలో ఆ పని ఓంప్రకాశ్ వాల్మీకి చేశారు. ప్రేమ్‌చంద్ కథ పేరునే తన కవితకు పెట్టి, బావి నుంచి పొలం దాకా అన్నీ ఠాకూరువైతే మనకు మిగిలిందేమిటని నిలదీశారు. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ల చర్చలో మనోజ్ ఝా ఆ కవితను రాజ్యసభలో చదివినప్పుడు బిహార్ రాజకీయాల్లో దుమారం రేగింది. దశాబ్దాల నాటి కవిత నేటికీ కొందరికి గుచ్చుకుంటోందంటే, దాని ప్రయోజనం తీరిపోలేదని అర్థం.

మన తరగతి గదుల్లో మాత్రం 'సామాజిక ప్రయోజనం' పది మార్కుల ప్రశ్నగా మిగిలిపోతోంది. 'ఠాకూర్' అన్న మాటను అనువదించకుండా వదిలేస్తే కులం ఉత్తరాది రోగంగా కనిపిస్తుంది. మన ఊళ్ళో బావి ఎవరిది, చేను ఎవరిది, శ్మశానానికి దారి ఎవరి పొలంలోంచి పోవాలి అని విద్యార్థి తనను తాను అడుక్కునేలా ఆ మాటకు అర్థం చెప్పాలి. అప్పుడే ఆ కథ బావి సొంతదారులతో పాటు గంగికీ పనికివస్తుంది.